కెమెరా తెచ్చిన అతిథులకు ఏడు నియమాలు

3వ తేదీ, సోమవారం

కార్డులు అచ్చయి వచ్చాయి. యాభై. అరచేతి పరిమాణం, దళసరి కాగితం, గుండ్రటి అంచులు. అక్షరదోషాలు: సున్న. మూడుసార్లు సరిచూశాను.

ఇరవై ఒక్క సంవత్సరాలుగా పెళ్లిళ్ల ఫోటోలు తీస్తున్నాను. ఈ విద్యను నాకెవరూ నేర్పలేదు. మొదటి కెమెరాతో వచ్చిన వాడుక పుస్తకాన్ని పదిహేడుసార్లు చదివి నేర్చుకున్నాను. పద్ధతి అనేది ఉంటే గురువు అక్కరలేదని నా నమ్మకం. అయితే నా పద్ధతి నాకు ఉంటే చాలదు, అతిథులకు కూడా ఉండాలి. గత నెల పెళ్లిలో సరిగ్గా ఉంగరాలు మార్చుకునే క్షణాన ఒక పెద్దమనిషి టాబ్లెట్ ఎత్తాడు. ఫలితంగా ఆల్బంలో వధువు తండ్రికి తల ఉండవలసిన చోట టాబ్లెట్ వీపు ఉన్నది. ఆ కుటుంబం ఆ పేజీ దగ్గర ఇప్పటికీ మర్యాదగా మౌనం పాటిస్తోందని విన్నాను.

అందువల్ల ఈ ఏడు నియమాలు. ఉంగరాల వేళ నడవలోకి రారాదు. టాబ్లెట్లు భుజం దాటి ఎత్తరాదు. మూడవది అతి ముఖ్యం: ఫ్లాష్ వాడరాదు. నేను వరుసగా నిలబెట్టిన బృందాన్ని ‘ఇటు చూడండి’ అని పక్కనుంచి పిలవరాదు. నా వెనక నిలబడి నా ఫోటోనే తీయరాదు. నా లెన్సు ధర అడగరాదు (భోజన సమయం మినహాయింపు). ఏడవది నిజానికి నాకు నేను పెట్టుకున్నది: అతిథి తీసిన చిత్రానికి ఆల్బంలో చోటు లేదు.

అక్క కౌంటరు దగ్గర కూర్చుని కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఒరేయ్, ఇది పెళ్లా, పరీక్ష హాలా? హాల్ టికెట్ కూడా ఇస్తావా?”

“మర్యాదకు సంబంధించిన సూచనలు, అక్కా.”

“నీకు నలభై అయిదేళ్లొచ్చినా పెళ్లెందుకు చేసుకోలేదో ఇప్పుడర్థమైంది. నీ పెళ్లికి ఎవర్నీ రానివ్వవు. చివరికి పెళ్లికూతుర్ని కూడా.”

కార్డు తిరిగి తీసుకుని, యాభై ఉన్నాయో లేదో మరొకసారి లెక్కపెట్టాను.

5వ తేదీ, బుధవారం

ఆదివారం పెళ్లి వధువు స్టూడియోకు వచ్చింది. మామూలుగా వధువులు నాకు ఇరవై, ముప్పై కోరికల జాబితా ఇస్తారు. ఈమె ఒక్కటే అడిగింది.

“సార్, మా నానమ్మ నవ్వుతుండగా ఒక్క ఫోటో కావాలి. మా ఇంట్లో అలాంటిది ఒక్కటీ లేదు. కెమెరా కనిపిస్తే చాలు, చెయ్యి నోటికి అడ్డం పెట్టేసుకుంటుంది. ‘ఫోటో అంటే నవ్వులాట కాదు’ అంటుంది. తను నవ్వితే ఎంత బావుంటుందో మాకే తెలుసు, ఎవరికి చెప్పినా నమ్మరు.”

“తీస్తానండి,” అన్నాను.

“ఇరవై మూడున ఆవిడకి ఎనభై నిండుతాయి. ఆ రోజు అందరం భోజనానికి కలుస్తాం. అప్పటికి ఆల్బం ఇచ్చేస్తారా? ఆ పేజీ ఆవిడే తిప్పాలి.”

“ఇస్తానండి.”

ఎర్ర సిరాతో రాసుకున్నాను. కింద రెండు గీతలు గీశాను.

9వ తేదీ, ఆదివారం, సాయంత్రం

పెళ్లి ముగిసింది. క్రమంగా రాయాలి. ఎందువల్లనో క్రమం కుదరడం లేదు.

ఎనిమిదికల్లా హాలుకు చేరాను. ప్రతి బల్ల మీదా ఒక కార్డు పెట్టాను. వేదికకు రెండు పక్కలా స్టాండ్ల మీద రెండు పెద్ద ఫ్లాష్‌లు, వాటికి వెలుగును మెత్తబరిచే తెల్లని గొడుగులు. వాటిని వెలిగించే రేడియో పరికరం మొరాయించింది. కంగారు పడలేదు, ‘మెరుపు చూసి మెరిసే’ పద్ధతికి మార్చాను. నా కెమెరా మీది చిన్న ఫ్లాష్ మెరవగానే అవి రెండూ మెరుస్తాయి. ఆ పద్ధతిలో ఎవరి ఫ్లాష్ మెరిసినా మెరుస్తాయి, నిజమే. కానీ బల్లబల్లకూ మూడవ నియమం ఉండగా వేరెవరు మెరిపిస్తారు?

తొమ్మిదిన్నరకు ఆమెను మొదటిసారి చూశాను. అంటే ఆమె మోచేతిని చూశాను. వధూవరులకూ నాకూ మధ్యన, నీలిరంగు భుజసంచీ, దాని పైన ఒక కెమెరా, దాని పక్కన మోచేయి. వరుడికి మేనత్త అని తరువాత తెలిసింది. దాదాపు నా వయసే. పెళ్లి చేసుకోలేదట. (నేను అడగలేదు. వరుడి తల్లి తనంతట తానే చెప్పింది.)

“మీకు అడ్డమొస్తున్నానా?” అని అడిగారు. మర్యాదస్తురాలే.

“ఒక మోచేయి మేరకు వస్తున్నారండి.”

“ఏ మోచేయి?”

“ఎడమది.”

ఎడమ మోచేయి దించి, ఇటు తిరిగి, కుడి మోచేయి పెట్టారు.

పది నిమిషాల తరువాత వెళ్లి, కార్డు చదివారా అని వినయంగా అడిగాను.

“ఏ కార్డండీ?”

“ప్రతి బల్ల మీదా ఒకటి ఉన్నదండి.”

“ఓ, అదా! మా బల్ల ఊగుతుంటే కాలి కింద పెట్టేశా. భలే సరిపోయింది. మంచి దళసరి కాగితం కదా, ఎంతో వెతికి తెచ్చుంటారు.”

నా కాగితపు ఎంపికను ఇంతవరకు ఎవరూ మెచ్చుకోలేదు. “రెండు వందల యాభై గ్రాముల కాగితమండి” అన్నాను. ఆమె తల ఊపి, “తెలుస్తోంది, బల్ల అస్సలు కదల్లేదు” అన్నారు.

ఆ తరువాత ఉంగరాలు, సంతకాలు, కేకు, అన్నీ నియమానుసారం జరిగాయి. నానమ్మగారు ముందు వరుసలో, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. నేను ఎటు వెళితే అటు ఆ చెయ్యి వచ్చింది. ఆవిడ చూపు నాకంటే చురుకు. పన్నెండు దాటాక స్టాండ్ల మీది ఫ్లాష్ దీపాలు వాటంతట అవే మెరవసాగాయి.

పన్నెండు నలభై ఒకటికి చిన్న సాంకేతిక అంతరాయం. వివరాలు అనవసరం. ఎవరికీ గాయాలు కాలేదు.

నాలుగుకు ఇల్లు చేరాను. ఈల వేస్తున్నావెందుకని అక్క అడిగింది. నేను ఈల వేయలేదు.

10వ తేదీ, సోమవారం

మొత్తం ఫ్రేములు: 1,312.
మూసిన కళ్లు: 88.
నానమ్మగారు: 41. అన్నింటిలోనూ చెయ్యి అడ్డం.
నీలి సంచి ఆమె (మోచేయి, భుజం, జడ, సంచీ, లేదా పూర్తిగా): 63.

847వ ఫ్రేము, సమయం 12:41. నానమ్మగారు నవ్వారు. చెయ్యి లేకుండా నవ్వారు. ఆ నవ్వు నేను చెవులతో విన్నాను, హాలంతా విన్నది. తిరిగి చూసి నొక్కాను. నొక్కితే దీపాలు వెలగలేదు. ఎంత వెలుగు పెంచి చూసినా ఫ్రేములో ఉన్నవి ఒక చెంప, పైకి లేస్తున్న ఒక చెయ్యి, మిగిలినదంతా చీకటి.

కారణం పొద్దున్న పదకొండింటికి స్ఫురించింది. ఆమె ఫ్లాష్ వాడారు! ఆమె ఫ్లాష్ చూసి నా దీపాలు మెరిశాయి. ఒకసారి మెరిశాక మళ్లీ సిద్ధమవడానికి వాటికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆ నాలుగు సెకన్లలో నేను నొక్కాను. ఆమె బల్ల కాలి కింద ఏ నియమం నలిగిందో ఆ నియమాన్ని నమ్ముకుని దీపాలను నేనే అలా అమర్చాను. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని; ఎవరితో చెప్పుకోను?

మధ్యాహ్నం రెండింటికి ఇంకొకటి స్ఫురించింది. నా దీపాలు ఆమె కోసం మెరిశాయంటే, ఆ నవ్వు ఆమె కెమెరాలో ఉన్నది. నా వెలుగుతో ఉన్నది.

11వ తేదీ

పనికిరాని ఫ్రేములు 63 తొలగించాలి. రేపు.

12వ తేదీ

తొలగించలేదు. నిరూపణగా ఉపయోగపడవచ్చు. ఎవరికి, ఏమి నిరూపించాలన్నది రేపు నిర్ణయిస్తాను.

13వ తేదీ, గురువారం

వధువు ఫోన్ చేసింది. “సార్, నానమ్మ నవ్విందిగా! మేమందరం విన్నాం. పడింది కదా ఫోటో?”

“పరిశీలనలో ఉన్నదండి,” అన్నాను. అబద్ధం కాదు. నిజం కూడా కాదు. ఫోన్ పెట్టేసిన తరువాత చాలాసేపు చెవులు వేడిగా ఉన్నాయి.

అక్క వెనకనుంచి వచ్చి నిలబడిన సంగతి గమనించలేదు. కంప్యూటరు తెర మీద 412వ ఫ్రేము ఉన్నది, కొంత పెద్దది చేసి.

“ఎవర్రా ఆవిడ?”

“ఎవరు?”

“ఆ మోచేయి.”

“అతిథి. దోష విశ్లేషణ చేస్తున్నాను.”

“నాలుగు రోజులుగా అదే దోషం విశ్లేషిస్తున్నావు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ, తనను ఎవరూ చూడట్లేదనుకుంటుందిట.”

దాచి లాభం లేదని విషయమంతా చెప్పాను. అక్క కుర్చీ లాక్కుని కూర్చున్నది.

“ఫోటో ఆవిడ దగ్గరుందని నీకు తెలుసు. వెళ్లి అడగవేం?”

“ఏడవ నియమం.”

“ఆ నియమం పెట్టిందెవరు?”

“నేనే.”

“అయితే నువ్వే వెళ్లి నిన్ను బతిమాలుకో. ఒప్పుకుంటావేమో.” లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది. “ఆ పెళ్లికూతురికి ఇచ్చిన మాట పెద్దదా, నీ కార్డు పెద్దదా? కార్డు అరచెయ్యంతే ఉందిరా.”

14వ తేదీ

వరుడి మేనత్తగారికి మెయిన్ రోడ్డులో కళ్లద్దాల దుకాణం ఉన్నదట. వధువుకు వేరే పని మీద ఫోన్ చేసి అడిగాను. వేరే పని ఏమిటో ఆ అమ్మాయికి అర్థమైనట్టు లేదు, ఎందుకంటే అది లేదు.

నా కళ్లద్దాలు ముక్కు దగ్గర కొంచెం వదులుగానే ఉన్నాయి. ఆరేళ్లుగా.

15వ తేదీ, శనివారం

వెళ్లాను. ఇస్త్రీ చొక్కా. (అన్ని శనివారాలూ వేసుకుంటాను. లేదా ఇకమీదట వేసుకుంటాను.)

సన్నని దుకాణం. గోడ నిండా ఖాళీ ఫ్రేములు, ఒక్కొక్క దాని కింద సొంత చేతిరాతతో సంఖ్య. సంఖ్యలు వరుసలో ఉన్నాయి! ఒక్కటీ తప్పలేదు. ఆమె నన్ను చూసి, “రండి రండి, మోచేతి గారు!” అన్నారు. నేను ఆమెకు పెట్టుకున్న పేరు నాకే తగిలింది.

కుర్చీలో కూర్చోబెట్టి, అక్షరాల పట్టిక చదవమన్నారు. చదివాను. చివర చీమ తలకాయంత అక్షరాలలో ఉన్న అచ్చాఫీసు పేరు కూడా చదివాను.

“ఇంత చక్కటి చూపు పెట్టుకుని ఇక్కడికెందుకొచ్చారండీ?”

“ముక్కు దగ్గర వదులుగా ఉన్నదండి.”

చిన్న స్క్రూడ్రైవరు తీసి బిగించారు. పావు వంతు తిప్పి, ఆగి, చూసి, మరొక పావు వంతు. సరైన పద్ధతి. నేను చూసినవారిలో నూటికి తొంభైమంది ఒకేసారి సగం తిప్పేస్తారు. ఆ పని చూస్తూ ఉండగా, రాత్రంతా తయారుచేసుకున్న నాలుగు వాక్యాల ప్రసంగం మరచిపోయి, “ఎనిమిది వందల నలభై ఏడు” అన్నాను.

“ఏంటది?”

అప్పుడంతా చెప్పాను: నానమ్మగారు, వధువు కోరిక, దీపాలు, నాలుగు సెకన్లు, చీకటి. ఆమె స్క్రూడ్రైవరు చేతిలోనే పట్టుకుని విన్నారు.

“అయ్యో, అందుకా! నా ఫోటోల్లో అంత వెలుగెక్కడిదా అని వారం నుంచీ అనుకుంటున్నా. నా పనితనమేమో అని కాస్త పొంగిపోయా కూడా. మీ దీపాలన్నమాట.” నాలుక కరుచుకున్నారు. “మీ పని పాడుచేశాను. ఏమనుకోకండి. ఆ కార్డు నిజంగా చదివుండాల్సింది.”

తరువాత కంప్యూటరులో ఆ ఫోటో తెరిచారు.

ఇప్పుడు ఆదివారం నాడు రాయని వివరాలు రాయక తప్పదు. దీపాలు వాటంతట అవే మెరుస్తున్నాయని, పన్నెండు నలభైకి నేను ఎడమ స్టాండు దగ్గరకు వెళ్లి, లోపమేమిటో చూద్దామని ఫ్లాష్‌లోకి దగ్గరగా తొంగి చూశాను. అప్పుడు అది మెరిసింది. కళ్లముందు అంతా తెలుపు. తడబడి వెనక్కి తిరగబోయి దేనికో గట్టిగా తగిలాను. ఎదురుగా తెల్లగా, పొడుగ్గా, సన్నగా ఎవరో నిలబడి ఉన్నట్టు కనిపించింది. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ అనుకున్నాను. నడుము వంచి, “క్షమించండి మేడం, చూసుకోలేదు, దెబ్బ తగల్లేదు కదా?” అని అడిగాను. అది గొడుగు.

ఫోటోలో అంతా ఉన్నది. వంగిన నేను. నా క్షమాపణను హుందాగా స్వీకరిస్తున్న గొడుగు. మా ఇద్దరి వెనక, ముందు వరుసలో, రెండు చేతులూ ఒళ్లో వదిలేసి, తల వెనక్కి వాల్చి, పైవరుసలో లేని పన్నుతో సహా నవ్వుతున్న నానమ్మగారు. ఆ ముఖం మీద పడిన వెలుగు నేను ఇరవై ఒక్క సంవత్సరాలుగా ఎవరి ముఖం మీదా పడేయలేకపోయిన వెలుగు.

ఆమె ఫోటోను ఇంకొంచెం పెద్దది చేశారు.

“ఇంతకీ ఇది ఎవరి ఫోటో అంటారు?” అని అడిగారు. “నొక్కింది నేను. వెలుగు మీది.”

“నవ్వించింది గొడుగండి,” అన్నాను.

ఆమె నవ్వారు. స్క్రూడ్రైవరు కింద పడింది. ఇద్దరం ఒకేసారి వంగాము. తలలు తగిలాయి. ఈసారి క్షమాపణ మనిషికే చెప్పాను.

ఫోటో నాకు ఇచ్చారు. ఇంటికి నడిచి వచ్చాను. దుకాణానికి స్కూటరు మీద వెళ్లిన సంగతి ఇల్లు చేరాక గుర్తుకు వచ్చింది.

16వ తేదీ

స్కూటరు తెచ్చుకున్నాను. దుకాణం ఆదివారం మూసి ఉన్నది. కేవలం నమోదు కోసం రాస్తున్నాను.

17వ తేదీ, సోమవారం

ఫోటోలోంచి నన్ను తొలగించాను. కంప్యూటరు మీద నాలుగు గంటల పని. నేను నిలబడిన చోట వెనక గోడను అంగుళం అంగుళం అల్లాను. ఎవరూ కనిపెట్టలేరు. ఫోటోగ్రాఫర్ ఫ్రేములో ఉండరాదు. పైగా గొడుగును క్షమాపణ అడిగే మనిషిని రేపు ఎవరు పెళ్లికి పిలుస్తారు?

కళ్లద్దాల బిగింపు సరిగా ఉన్నదో లేదో చూపించుకునే మిషతో ఆమెకు చూపించాను.

“చాలా శుభ్రంగా తీశారు,” అన్నారు. తరువాత తల పక్కకు వంచి, “ఇప్పుడు ఈవిడ దేన్ని చూసి నవ్వుతున్నట్టు?”

“గొడుగును.”

“ఉత్త గొడుగుని చూసి ఇంతగా నవ్వితే పెద్దావిడకి మతి చెదిరిందనుకుంటారండీ. మీరున్నప్పుడు అది నవ్వు. మీరు లేకపోతే చూడండి, భయమేస్తోంది.”

“ఫోటోగ్రాఫర్ ఫ్రేములో ఉండకూడదండి.”

“అది ఎన్నో నియమం?”

ఆలోచించాను. అది కార్డులో లేదు. అవసరం వస్తుందని అనుకోలేదు.

“రాయనిది పాటించక్కర్లేదు కదా,” అంది.

(పైన ‘అంది’ అని రాశాను. ‘అన్నారు’ అని ఉండవలసింది. కొట్టివేయడం లేదు.)

18వ తేదీ

నేను ఉన్న ఫోటో. నేను లేని ఫోటో. పక్కపక్కన పెట్టి చూశాను. ఆమె చెప్పింది నిజం.

19వ తేదీ

లాభనష్టాల పట్టిక వేశాను. నన్ను ఉంచడం వల్ల నష్టాలు పదకొండు వచ్చాయి. లాభం ఒకటి. ఎర్ర సిరాలో ఉన్నది అదే.

20వ తేదీ

అసలు ఫోటోనే ముద్రణకు పంపాను. పూర్తి పేజీ. కింద చిన్న అక్షరాలలో: ‘తీసినది: వరుడి మేనత్త. వెలుగు: ఫోటోగ్రాఫర్.’ ఏడవ నియమం పోయింది. తెలియకుండానే అయిదవదీ పోయినట్టుంది. ఆమె వెనక నిలబడి ఆమె ఫోటోనే తీసుకున్నాను కదా.

కాగితం మూడు వందల గ్రాములు. ఆల్బం తూకం వేశాను: నాలుగు కిలోల రెండు వందలు.

23వ తేదీ, ఆదివారం, సాయంత్రం

అక్క ఇచ్చిన రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి రాయడానికి కూర్చున్నాను.

భోజనాలయ్యాక ఆల్బం నానమ్మగారి ఒళ్లో పెట్టారు. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను, పారిపోవడానికి వీలుగా. ఆమె కిటికీ దగ్గర, నీలి సంచీతో. వధువు నానమ్మగారి కుర్చీ చేతి మీద కూర్చున్నది. ఒక్కొక్క పేజీ తిప్పుతున్నారు. ఆ పేజీ వచ్చింది.

ఆవిడ ముందు నన్ను చూశారు, ఫోటోలో. తరువాత గొడుగును. తరువాత తనను తాను. ఎంతసేపు చూశారో చెప్పలేను. నేను గడియారం చూసుకోని అరుదైన సందర్భం.

“ఇది నేనా?” అన్నారు.

“నువ్వే నానమ్మా,” అంది వధువు. “నువ్వు నవ్వితే ఇలా ఉంటావు. ఎన్నిసార్లు చెప్పాను!”

“ఫోటో అంటే నవ్వులాట కాదే...” అని మొదలుపెట్టి, ఆవిడ తల ఎత్తారు. “వీడేడీ? గొడుగుగారి మనిషి?”

అందరూ నావైపు తిరిగారు. ముందుకు వెళ్లక తప్పలేదు.

“ఇలా రావయ్యా. ఆ రోజు అంత వినయంగా సారీ చెప్పావు కదా, గొడుగుగారు ఒప్పుకుందా?”

“ఇంకా జవాబు రాలేదండి,” అన్నాను. “ఎదురుచూస్తున్నాను.”

ఆవిడకు నవ్వు వచ్చింది. చెయ్యి నోటిదాకా లేవబోయింది, లేవలేదు. నాలుగు కిలోల రెండు వందల ఆల్బం! ఒక్క చెయ్యి వదిలినా ఒళ్లోంచి జారిపోతుంది. పట్టుకునే నవ్వారు. నోటికి అడ్డమేమీ లేకుండా, పన్ను లేని సందుతో సహా, ఇంటిల్లిపాదీ చూస్తూ ఉండగా. వధువు నవ్వుతూ ఏడుస్తూ ఆవిడ భుజం మీద వాలిపోయింది. దళసరి కాగితాన్ని నేను మన్నిక కోసమే ఎంచుకున్నాను. ఇంతకంటే మంచి ఫలితం ఏ కాగితమూ ఇవ్వదు.

నా కెమెరా సంచీలోనే ఉన్నది. తీయాలని అనిపించలేదు. కిటికీ వైపునుంచి ఫ్లాష్ మెరిసింది. అలవాటు కొద్దీ ఫ్రేములోంచి తప్పుకోబోయాను. నానమ్మగారు నా కదలిక చూసి, “ఆ, ఎక్కడికి? కూర్చో ఇక్కడ” అన్నారు. కూర్చున్నాను. మరొకసారి మెరిసింది.

వచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఆమె ఒక కవరు నా చేతిలో పెట్టింది.

“ఆ రోజు పెళ్లిలో నేను తీసినవి. మీ వెలుగే కదా, మీకివ్వాలని ప్రింట్లు వేయించా. ఇంటికెళ్లి చూడండి.”

ఇంటిదాకా ఆగలేదు. వీధి మలుపులో స్కూటరు ఆపి, సీటు మీద పేర్చి లెక్కపెట్టాను.

వధువు ఉన్నవి: 12.
వరుడు ఉన్నవి: 9.
నానమ్మగారు ఉన్నది: 1.
నేను ఉన్నవి: 71.

స్టాండు బిగిస్తున్న నేను. కార్డులను బల్ల అంచుకు సమంగా సర్దుతున్న నేను. కెమెరా వెనక ఒక కన్ను మూసుకున్న నేను. మళ్లీ లెక్కపెట్టాను. డెబ్బై ఒకటే.

నా దగ్గర ఆమె ఉన్నవి 63. తేడా ఎనిమిది. ఇలాంటి తేడాను వదిలేయడం నా పద్ధతి కాదు. అక్కడినుంచే ఫోన్ చేసి, రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి సరిచూడడం అవసరమని తెలియజేశాను.

“నేనూ అదే అనుకుంటున్నా,” అంది. “రేపు అయిదింటికి దుకాణం కట్టేస్తా. రండి. మీ అరవై మూడూ పట్టుకురండి, ఒక్కటీ తీసేయకుండా.”

అక్క నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నేను చెయ్యమనలేదు. ఈల ఎవరు వేస్తున్నారని అడిగితే, ఈసారి నేనేనని ఒప్పుకున్నాను.

24వ తేదీ, సోమవారం

నాలుగున్నరకే బయలుదేరుతున్నాను.